రాబిన్ చదవని అక్షరాలు

పోయిన వారం కథలో మనం రాబిన్‌ను రైల్వే ఆసుపత్రి మెట్ల మీద వదిలి వచ్చాం. గోడ మీది అక్షరాల్లో పై రెండు వరసలు తప్ప మిగతావేవీ కనబడటం లేదని అతను చెప్పాడు. కంటి డాక్టరమ్మ, మళ్ళీ పరీక్ష చేసేదాకా ఇతన్ని ఇంజను ఎక్కనివ్వొద్దని రాసింది. తాత బొగ్గింజనులో ఫైర్‌మన్. తండ్రి సమూయేలు డ్రైవరుగా రిటైరైన మనిషి. రాబిన్ లోకో పైలట్, అంటే ఇప్పటి ఇంజను డ్రైవరు. మూడు తరాలుగా వస్తున్న పని ఆ మెట్ల మీద ఆగిపోయింది. కోల్‌కతా వైపున్న ఆ రైల్వే ఊళ్ళో, ట్రాఫిక్ కాలనీలోని వాళ్ళ క్వార్టర్‌కి ఆ సాయంత్రం ఇరుగుపొరుగు వాళ్ళు పరామర్శకి వచ్చినట్టు వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడి వెళ్ళారు.

అక్కడ అది జరిగి రెండు వారాలైంది. ఈ రెండు వారాల్లో రాబిన్ భార్య రెబెక్కా కొత్త పనులు నేర్చుకుంది. మంచినీళ్ళ గ్లాసు భర్త చేతికిచ్చి, అతని వేళ్ళు దాని చుట్టూ బిగిసేదాకా వదలకుండా ఉండటం. గడప దగ్గర మోచెయ్యి పట్టుకోవడం. ఫోనులో వచ్చినవన్నీ పైకి చదివి వినిపించడం. చేప వండిన రోజు ముళ్ళు ఏరి, ముద్ద కలిపి నోటికి అందించడం. పొద్దున్నంతా నర్సరీ స్కూల్లో పసిపిల్లలతో అరిచి అరిచి వచ్చి, ఇంట్లో ఇంకో పసివాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు రాబిన్ పేరెత్తగానే ఆమె తల వంచుకుంది.

"మన బిడ్డ రాబిన్ కళ్ళను ముట్టు ప్రభువా!"

ఆడవాళ్ళ వైపు నుంచి ఆమెన్ అనే కేక లేచింది. పక్కనున్న సూసన్న పిన్ని వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. రెబెక్కా కళ్ళు తుడుచుకుని మగవాళ్ళ వైపు చూసింది. ముందు వరసలో మావయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

సమూయేలు ఆరాధన మానే మనిషి కాడు. "నేను ముందెళ్తన్నాను, నువ్వు ఎనకాల రా అమ్మా" అని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఫోను ఇంట్లోనే చార్జింగులో వదిలేశాడు. ఆయనకు షుగరు. కొడుకు కళ్ళ దిగులుతో సరిగ్గా తినడం కూడా లేదు. దారిలో కళ్ళు తిరిగి ఎక్కడైనా పడిపోయాడేమో అన్న ఆలోచన వచ్చాక రెబెక్కా మనసు ప్రసంగం మీద నిలవలేదు. కానుకల సంచి తన వరసకు రాకముందే లేచి బయటికి వచ్చేసింది.

వాన అప్పుడే వెలిసింది. దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చింది. టీ కొట్టు దగ్గర లేడు. మందుల షాపు అరుగు మీదా లేడు. ఇంటికి గాని తిరిగి వెళ్ళాడేమోనని ఆశపడింది. తీరా వస్తే ముందు తలుపు లోపల గడియ వేసి ఉంది. తలుపు కొడితే మోకాళ్ళ నొప్పులతో అత్తో, గోడ తడుముకుంటూ రాబినో లేచి రావాలి. వాళ్ళనెందుకు కష్టపెట్టడమని ఇంటి చుట్టూ తిరిగి పెరటి వైపు వెళ్ళింది.

వంటింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. కరెంటు లేదు. మబ్బు పగలు, లోపల సగం వెలుతురే ఉంది. నేల మీద పీటలు వేసుకుని అత్త ఎస్తేరమ్మ, రాబిన్ ఎదురెదురుగా కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులని, కొడుకుని కనిపెట్టుకుని ఉంటానని ఆమె ఇవాళ చర్చికి రాలేదు. ఇద్దరి మధ్యా కంచం. అందులో పొద్దున్న రెబెక్కా ఆవ పెట్టి వండి వెళ్ళిన, పులస లాంటి ఇలిశ్ చేప.

రాబిన్ ముళ్ళు తీస్తున్నాడు.

ఇలిశ్ ముళ్ళు ఎలా ఉంటాయో ఆ ఊళ్ళో వాళ్ళకి చెప్పక్కర్లేదు. దారప్పోగుల్లా ఉంటాయి, కండలో కలిసిపోయి ఉంటాయి. రాబిన్ వేళ్ళు వాటిని వెతుక్కోవడం లేదు. నేరుగా వెళ్ళి పట్టుకుంటున్నాయి. ఒకటి తీసి కంచం అంచున పెట్టడం, ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టడం. శుభ్రం చేసిన ముక్కని తల్లి వైపు జరిపితే ఆమె అన్నంలో కలుపుకుని తింటోంది.

"తోక దగ్గర సూడరా. అక్కడ మరీ సన్నవి ఉంటాయి."

"సూసినానమ్మా. ఇదిగో, ఇది సూడు, ఎంట్రుక లాగుంది."

అతను ఆ ముల్లుని కిటికీ వైపు ఎత్తి చూశాడు.

రెబెక్కాకు ముందు కలిగింది సంతోషం.  పాస్టరు గారు ప్రార్థన చేసి ఇంకా అరగంట కాలేదు. దేవుడు ఇంత తొందరగా విన్నాడా! రాబిన్ అని గట్టిగా అరవబోయింది. కాళ్ళు అప్పటికే గడప వైపు కదిలాయి.

అంతలో ఎస్తేరమ్మ అంది: "ముళ్ళు అలగ వరసగా పెట్టకురా. అమ్మాయి వచ్చి సూసిందంటే పట్టీసుకుంటాది. కంచం నువ్వే కడిగీ."

రెబెక్కా గడప దగ్గరే ఆగిపోయింది. వాళ్ళిద్దరి మీద నుంచి చూపు తిప్పుకోలేక తలుపు ఆసరా చేసుకుంది. తలుపు కిర్రుమంది.

రాబిన్ తిరిగి చూశాడు. చూసిన మరుక్షణం అతని కళ్ళు ఆమె మీద నుంచి పక్కకి జారి, ఆమె భుజం అవతల ఎక్కడో గాలిలో నిలబడ్డాయి. రెండు వారాలుగా అలవాటైన చూపు.

"ఎవరు? అమ్మా, ఎవరొచ్చేరు?"

 ముళ్ళు తీయడం చూసినప్పటికంటే, తన మొహం మీదే అతను ఆ నాటకం ఆడటం రెబెక్కాను ఎక్కువ భయపెట్టింది.

"నేను కట్టుకున్న చీర ఏ రంగో సెప్పు" అంది.

పెళ్ళైన దగ్గర్నుంచి ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. నువ్వు అనడం అదే మొదటిసారి.  రాబిన్ కళ్ళు నెమ్మదిగా ఆమె ముఖానికి వచ్చి ఆగాయి.

"నీలం" అన్నాడు.

"అత్తా, మీకు తెలుసా?"

"తెలుసమ్మా." ఎస్తేరమ్మ తినడం ఆపి చెయ్యి కంచంలోనే ఉంచేసింది. "వాడు సెప్పనేదు, నేనే కనిపెట్టీసినాను. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం గోడ మీద బల్లి పాకితే వాడి కళ్ళు దాని ఎనకాలే ఎళ్ళినాయి. అప్పుడు అడిగితే ఒప్పుకున్నాడు."

"ఆ రోజే తెలుసా! తెలిసీ నాకు సెప్పలేదా! నేను స్నానాల గదిలోకెళ్ళి దగ్గరుండి నీళ్ళు పోసినాను ఈ మనిషికి. సబ్బు కంట్లో పడతాదని చెయ్యి అడ్డం పెట్టినాను. బయట కూర్చుని మీరు సూస్తన్నారు కదా అత్తా! నవ్వుకున్నారా?"

"ఎవరం నవ్వనేదమ్మా."

రెబెక్కా రాబిన్ ముందు నేల మీద కూలబడింది. "అక్కడ చర్చిలో అందరూ నీ కోసం మోకాళ్ళ మీద ఉన్నారు. సూసన్న పిన్ని ఉపవాసం ఉంది, తెలుసా? ఎందుకు? ఏటి కావాలి నీకు?"

"ఈ ఉద్యోగం వద్దు రెబెక్కా."

"వద్దంటే వద్దని సెప్పాలి! కళ్ళు కనపడవని సెప్తారా ఎవరైనా?"

"ఎవరికి సెప్పాల? నాన్నకా?" రాబిన్ చేతులు ఇంకా చేప జిడ్డుతోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద బోర్లించాడు. "జబ్బొచ్చి దిగిపోతే అయ్యో పాపం అంటారు. వేరే సీట్లో కూర్చోబెడతారు. నాకొద్దని దిగిపోతే సమూయేలు డ్రైవర్ కొడుకు ఇంజను వదిలీసి పారిపోయాడంటారు. ఆసుపత్రిలో ఒక్క నిమిషం అబద్ధమాడితే సరిపోతాదనుకున్నాను. ఇంట్లో రోజంతా ఆడాల్సొస్తాదని తెలీలేదు. నువ్వు మొదటి ముద్ద పెట్టిన రోజే సెప్పీవల్సింది. సెప్పలేకపోయినాను. ఆ తరవాత మరి సెప్పడానికి మొహం లేకపోయింది."

"ఉద్యోగం ఎవరికి ఇష్టం? నాకు ఇష్టమా? సోమవారం పొద్దున్న ఆ స్కూలు గేటు సూస్తే నాకూ ఏడుపొస్తాది. హెడ్‌మిస్ట్రెస్ గొంతు వింటే తలనొప్పి వస్తాది. అయినా ఎళ్తన్నానా లేదా? రెండ్రోజులు సెలవొస్తే అదే సర్దుకుంటాది."

"అదే. నీకు సర్దుకుంటాది." రాబిన్ గబుక్కున అన్నాడు. "నేనూ అలాగే అనుకున్నాను. డ్యూటీలు పడి పడి విసుగొచ్చిందనుకున్నాను. మొన్న వేసవిలో పూరీ ఎళ్ళినాం కదా. సముద్రం ఒడ్డున అందరూ తడుస్తన్నారు, నవ్వుతన్నారు. అప్పుడు ఫోను మోగింది. అది మీ తమ్ముడి ఫోను, నాది కాదు. డ్యూటీకి పిలుపేమోనని నా చేతులు మాత్రం మంచులా అయిపోయినాయి. మొత్తం ఆ సెలవంతా నేను తిరిగెళ్ళే రోజు గురించే ఆలోచించినాను. గూడ్సు మీద ఉన్నాను కాబట్టి ఇలగుంది, ప్యాసింజరు ఇస్తే బావుంటాదనుకున్నాను. మూడు నెలలు ప్యాసింజరు నడిపినాను, అప్పుడూ అంతే. మళ్ళీ గూడ్సుకొచ్చి, వేరే రూటుకి లైను మార్చుకున్నాను. అప్పుడూ అంతే. మార్చాల్సింది బండిని కాదని నాకు తెలిసిపోతా ఉంది. తెలీనట్టు తిరిగినాను."

"మరి ఏటి సేద్దామనుకున్నావు?"

రాబిన్ తల వంచుకున్నాడు. ఎస్తేరమ్మే చెప్పింది. "ఝపటాపూర్‌లో ఆ మహీధర్ కొట్టులో కూకుంటన్నాడు. ఈ మధ్యన కాదు, సానా రోజుల్నుంచి. రెస్టు రోజున యూనియన్ మీటింగని ఎళ్ళేవోడు కదా, అక్కడికే."

మహీధర్‌ది ఆ పేటలో ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు బాగుచేసే చిన్న కొట్టు. తండ్రి పెట్టిన ఫ్యాన్సీ షాపులో ఒక మూల తీసుకుని నడుపుతున్నాడు. రెబెక్కా ఆ కొట్టుకి రెండుసార్లు మిక్సీ తీసుకెళ్ళింది.

"అక్కడ ఏటి సేస్తన్నావు?"

"కాయిళ్ళు చుడతన్నాను." అంతవరకు నీరసంగా ఉన్న రాబిన్ గొంతులోకి ఏదో వచ్చింది. "కాలిపోయిన ఫ్యాను విప్పి, పాత తీగంతా తీసీసి, కొత్త తీగ చుట్టాలి. లెక్క తప్పకూడదు. ఒక చుట్టు ఎక్కువైనా తేడా వచ్చీస్తాది. అక్కడ కూర్చుంటే నాకు ఆకలి కూడా తెలీదు రెబెక్కా. పాతదేదో తిరగడం మొదలెడితే..."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు అతని ముఖం ఎలా వెలిగిందో రెబెక్కా చూసింది. అలాంటి ముఖం ఇంట్లో ఆమె ఎన్నేళ్ళుగానో చూడలేదు. అది ఇంకో ఆడదాని గురించి విన్నట్టే గుచ్చుకుంది. అయినా ఆమె బుర్ర పని చేస్తూనే ఉంది.

"ఇష్టం లేదు. ఇంకో పని ఇష్టం. సరే. దానికి ఇంత అబద్ధం అక్కర్లేదు. నువ్వు ఇంత పనికి తెగించే మనిషివి కావు. ఇంకేటో ఉంది."

రాబిన్ తల్లి వైపు చూశాడు. ఆమె చూపు తప్పించలేదు.

"నాకు సెప్పినావు కదరా. దానికీ సెప్పీ."

అప్పుడు రాబిన్ చెప్పాడు. కింద నేల వైపు చూస్తూ, దాదాపు గొంతు పైకి రాకుండా చెప్పాడు.

బాలాసోర్ వైపు నుంచి ఖాళీ వ్యాగన్లతో గూడ్సు వస్తోంది. నారాయణగఢ్ దాటారు. మధ్యాహ్నం, మంచి ఎండ. పక్క సీట్లో అసిస్టెంటు సిరిల్. దూరంగా ఒక మనిషి సైకిలు భుజాన వేసుకుని పట్టాల మీదికి ఎక్కాడు. దాటి పోతాడనుకుంటే పోలేదు. సైకిలు చక్రం ఎక్కడో ఇరుక్కుంది, దాన్ని లాక్కుంటూ నిలబడ్డాడు. విజిల్ మోగింది. మనిషి ఉలిక్కిపడి సైకిలు వదిలేసి పక్కకి దూకాడు. సైకిలు మీద నుంచి బండి వెళ్ళిపోయింది. మనిషి బతికాడు.

"సిరిల్ గుండె మీద చెయ్యేసుకుని, బతికిపోయాడు సార్, దేవుడికి స్తోత్రం అన్నాడు. నేనూ స్తోత్రం అన్నాను. అన్నాను గాని..."

"గాని?"

"నాకు సంతోషం కలగలేదు. అది కాదు. సంతోషం కలగకపోవడం ఒక్కటే అయితే బావుణ్ణు." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "మనిషికి బండి తగిలితే కొన్నాళ్ళు డ్రైవర్ని ఇంజను ఎక్కించరు. ఎంక్వైరీ అంటారు, రెస్టు ఇస్తారు. ఆ మనిషి పక్కకి దూకగానే నా మనసులో వచ్చిన మొదటి మాట అదే. అయ్యో, రేపు మళ్ళీ డ్యూటీకి రావాలి కదా అని. వాడు బతికినందుకు నాకు బాధేసింది."

 చూరు నుంచి వాన నీళ్ళు పెరట్లోని బకెట్లో పడుతున్నాయి. రెబెక్కా కూర్చున్నచోటు నుంచి వెనక్కి జరిగింది. తను జరుగుతున్నట్టు ఆమెకు తెలియలేదు. వీపుకి గోడ తగిలాక తెలిసింది. రాబిన్ అది చూశాడు.

"అప్పుడు తెలిసింది, ఇది విసుగు కాదని. అలుపు కూడా కాదు. మనిషి బతికితే ఏడ్చేవోడు ఆ హ్యాండిల్ పట్టుకోకూడదు. ఆ వారంలోనే మెడికల్ చెకప్పు వచ్చింది. డాక్టరమ్మ చదవమంది. రెండు వరసలు చదివినాను. మూడో వరస మొదట్లో ఇంగ్లీషు ఇ అక్షరం ఉంది. ఇంత స్పష్టంగా ఉంది. కనపట్టం లేదు అని నోట్లోంచి వచ్చీసింది. ఆ మాట అన్నాక, ఎన్ని నెలలకో తెలీదు, నాకు గుండెల నిండా ఊపిరి ఆడింది."

ఎస్తేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అమ్మాయ్, నామీద కోపం పెట్టుకో, పరవానేదు. మీ మావయ్య ఎలాటోడో నువ్వు ముసలితనంలో సూసినావు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సూడనేదు. అన్నం కంచం గోడకేసి కొట్టేవోడు. పిల్లడు నవ్వినా కోపమే, ఏడ్సినా కోపమే. తనకి పని నచ్చనేదని ఆయనకే తెలీదు, నాకు తెలుసు. మొగోడు ఇష్టం లేని పని సేసి ఇంటికొస్తే ఎలగుంటాదో నేను ముప్పై ఏళ్ళు సూసినాను. నీకా బతుకు వద్దనే నోరు మూసుకున్నాను."

"నా కోసమా?" రెబెక్కా నవ్వింది. ఆ నవ్వు ఆమెకే వింతగా వినిపించింది. "నా కోసం నన్ను గుడ్డిదాన్ని సేసినారా అత్తా?"

ముందు తలుపు ఎవరో గట్టిగా కొట్టారు.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎస్తేరమ్మ లేవలేదు. రాబిన్ లేవలేదు. చివరికి రెబెక్కాయే వెళ్ళి గడియ తీసింది. సమూయేలు. పంట్లాం మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆమెతో ఒక్క మాట కూడా అనకుండా నేరుగా వంటింట్లోకి నడిచాడు. కంచం చూశాడు. అంచున వరసగా పేర్చి ఉన్న ముళ్ళు చూశాడు. కొడుకు జిడ్డు చేతులు చూశాడు.

"అయితే ఇంట్లో అందరికీ తెలుసన్నమాట" అన్నాడు.

కేకలేస్తాడని అందరూ ఎదురు చూశారు. ఆయన కేకలెయ్యలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరమ్మ బంగళాకి ఎళ్ళినాను. నాకు వయసైపోయింది, నా కన్నొకటి తీసి నా కొడుక్కి పెట్టండని అడిగినాను." ఆయన తడిసిన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆమె నవ్వనేదు. కుర్చీ ఏసి నీళ్ళిచ్చింది. హిందీలో మెల్లిగా సెప్పింది, మీ వాడి కంట్లో ఏ దోషమూ నా మిషనుకి కనపట్టం నేదు, నోటితో సెప్పేది ఒకటి, మిషను సెప్పేది ఒకటి అంది. మీ ఇంట్లో ఏదైనా ఇబ్బందా అని అడిగింది. నన్ను! ఆ గుమ్మం దిగి ఎలగ వచ్చినానో నాకే తెలీదు."

"నాన్నా..."

"నువ్వు మాటాడకు. నేను ఆమె కాళ్ళ మీద పడనేదు, అంతే తక్కువ. రేపు పొద్దున్న నిన్ను తీసుకు రమ్మంది. రేపు కూడా కనపడదంటే కోల్‌కతా పెద్దాసుపత్రికి పంపిస్తాది. అక్కడ అన్నీ బయటపడతాయి. ఉద్యోగం పోతాది, మర్యాద పోతాది. రేపు ఎళ్ళి అక్షరాలన్నీ సదివీ. మందుకి తగ్గిందని సెప్దాం. చర్చిలో ప్రార్థనకి తగ్గిందని సెప్దాం. ఎల్లుండి డ్యూటీ ఎక్కు. ఇక్కడితో అయిపోవాల."

రాబిన్ తండ్రి ముఖం వైపు చూశాడు.  ఇందాకటి నుంచి అంత మాట్లాడిన మనిషి చిన్నపిల్లాడిలా తలూపాడు.

"ఠీక్ హై, నాన్నా."

రెబెక్కా తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. మనిషి బతికితే బాధపడేవాడు హ్యాండిల్ పట్టుకోకూడదని ఇప్పుడే, ఇదే నోటితో అన్నాడు. తండ్రి ఒక్క మాట అనేసరికి ఎల్లుండి వెళ్ళి అదే హ్యాండిల్ పట్టుకుంటాడట. అబద్ధమాడినందుకు వచ్చిన కోపం ఆమెలో ఒక్కసారిగా ఇంకో రూపంలోకి మారిపోయింది.

"ఎళ్ళడు మావయ్యా" అంది.

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

"ఎళ్ళను. మీ అబ్బాయి ఇంజను ఎక్కడు. ఎందుకో ఆయన మీకు సెప్పరు, నేను సెప్తాను. నారాయణగఢ్ దగ్గర ఒక సైకిలు మనిషి బండి కింద పడకుండా తప్పుకున్నాడు. విజిల్ కొట్టి ఆ మనిషిని కాపాడినందుకు ఈయన సంతోషపడలేదు. బాధపడ్డారు."

సమూయేలు ఉలిక్కిపడలేదు. కోడలి వైపు ఎగాదిగా చూశాడు. ఆ చూపులో ఇప్పుడు కోపం లేదు, జాలి ఉంది. 

"విజిల్ కొట్టినానని సెప్పినాడా నీకు?" అన్నాడు ఆయన. "కొట్టినానన్నాడా, మోగిందన్నాడా?"

రెబెక్కా జవాబు చెప్పబోయి ఆగింది. మోగిందనే అన్నాడు.

"డాక్టరమ్మ మాట విన్నాక తిన్నగా సుభాష్‌పల్లి ఎళ్ళినాను, సిరిల్ ఇంటికి. ఏటి జరిగిందిరా అని గట్టిగా అడిగితే ఏడ్సీసినాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ సెప్పకుండా దాచినాడంట. విజిల్ కొట్టింది సిరిల్ అమ్మా. పక్క సీట్లోంచి సార్, సార్ అని రెండుసార్లు అరిసినాడంట. వీడు కదల్లేదు. అప్పుడు వాడే చెయ్యి సాపి తన వైపున్న విజిల్ కొట్టినాడు, వాడే బ్రేకు మీద పడ్డాడు."

ఎస్తేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకూ కొత్తే.

"భయానికి సెయ్యి బిగిసిపోయింది, అంతే" అన్నాడు సమూయేలు. అందరికంటే ముందు తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఎంత డ్రైవరుకైనా ఒక్కోసారి అవుతాది. దానికి వీడు ఏటేటో ఊహించుకుని ఇంత గొడవ సేసినాడు. నాలుగు ట్రిప్పులు ఎళ్తే అదే పోతాది."

రెబెక్కా రాబిన్ ముందుకు వెళ్ళి నిలబడింది. "భయమేనా?" అని అడిగింది. "మావయ్య సెప్పినట్టు భయమేనా? సెయ్యి బిగిసిపోయిందా, లేకపోతే నువ్వే..." 

రాబిన్ తలెత్తాడు. ఈ రెండు వారాల్లో మొదటిసారి ఆమె కళ్ళలోకి తిన్నగా చూశాడు.

"తెలీదు రెబెక్కా. ఎన్నిసార్లు ఆలోచించినా తెలీటం లేదు. అది తెలీకే కళ్ళు కనపడవని సెప్పినాను."

సమూయేలు పీట మీద నుంచి లేచాడు. ఆయన ముఖంలో ఉన్న ధైర్యం సడలిపోయింది. ఎంతోకాలం ఇంజనులో కూర్చుని ముందున్న పట్టాల్ని చూసిన మనిషి. ఒక డ్రైవరు ఇంకో డ్రైవర్ని అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, దాన్ని అడగడానికి ఆయన భయపడుతున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

"రాబినూ, ఆ మనిషి నీకు ఎప్పుడు కనపడ్డాడు?"

"సానా దూరం నుంచే కనపడ్డాడు, నాన్నా" అన్నాడు రాబిన్. "పసుపు చొక్కా."

సమూయేలు ఒక్క క్షణం కొడుకు వైపు చూశాడు. తర్వాత గబగబా ముందు గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. కిటికీ రెక్కలు మూశాడు. తిరిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "ఈ మాట ఈ ఇల్లు దాటకూడదు. సిరిల్ నోరు నేను మూయిస్తాను. రేపు పొద్దున్న వీడు నాతో ఆసుపత్రికొస్తాడు, అక్షరాలు సదువుతాడు. ఎవరైనా నోరు తెరిచేరంటే..."

 ఆయన తలెత్తి చూశాడు.

వంటింట్లో కొడుకు ఉన్నాడు, భార్య ఉంది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల రెబెక్కా చెప్పుల్లో కాళ్ళు పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, డాక్టరమ్మ బంగళా ఉన్న రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోతోంది.